కొరియా యుద్ధంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్: క్షతగాత్రుల అత్యవసర వైద్యం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

యుద్ధచరిత్రలు జయాపజయాలను నమోదు చేసినంత వివరంగా క్షతగాత్రుల వైద్యాన్ని నమోదు చేయవు. కొరియా యుద్ధానికి (1950-53) భారతదేశం పోరాట దళాలను పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే సైనిక వైద్యదళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వంలో ఈ దళం 1950 నవంబరులో కొరియా చేరింది. యుద్ధంలో పాల్గొనకపోవడానికీ, యుద్ధానికి దూరంగా ఉండడానికీ గల భేదాన్ని ఈ దళం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైద్యసేవల క్రమం:

ఫీల్డ్ అంబులెన్స్ అంటే ఇక్కడ వాహనం కాదు. యుద్ధరంగానికి సమీపంలో పనిచేసే సంచార వైద్యదళం. గాయపడిన సైనికునికి మొదట తన పటాలంలోనే ప్రథమచికిత్స జరుగుతుంది. తరువాత అతన్ని ఫీల్డ్ అంబులెన్స్‌కు తరలిస్తారు. రక్తస్రావాన్ని అరికట్టడం, విరిగిన ఎముక కదలకుండా బద్దలు కట్టడం, రక్తాన్ని గానీ ప్లాస్మాను గానీ ఎక్కించి షాక్ నుంచి కాపాడడం అక్కడి ప్రధాన విధులు. ఎవరికి తక్షణం శస్త్రచికిత్స అవసరమో, ఎవరు వెనుకనున్న ఆసుపత్రి వరకు ప్రయాణాన్ని తట్టుకోగలరో నిర్ణయించేదీ అక్కడే. తీవ్రంగా గాయపడినవారి విషయంలో ఆలస్యమే ప్రాణాంతకం. కాబట్టి వైద్యుడు క్షతగాత్రునికి చేరువలో ఉండాలి. చేతిలో సామగ్రి ఉండాలి.

తిరోగమనం, పురోగమనం:

1950 డిసెంబరులో చైనా సేనల ఒత్తిడికి ఐక్యరాజ్యసమితి సేనలు ప్యాంగ్యాంగ్ నగరాన్ని విడిచిపెట్టాయి. భారత వైద్యదళానికి తగిన వాహనాలు లేవు. సామగ్రిని వదిలివేస్తే మనుషులు బయటపడగలరు. కానీ ఆపై వైద్యం చేయలేరు. వారు ఒక పాత ఆవిరి ఇంజనునూ కొన్ని పెట్టెలనూ వెదికి పట్టుకున్నారు. వరుసగా నిలబడి బకెట్లతో నీళ్లందించి బాయిలరు నింపారు. తామే రైలు నడుపుకొని సామగ్రితో సహా దక్షిణానికి చేరారు.

అనంతరం దళంలో ఒక భాగం కామన్వెల్త్ బ్రిగేడ్‌తో కలిసి పనిచేయగా, మరొక భాగం తేగు నగరంలో సైనికులకూ పౌరులకూ సేవలందించింది. 1951 మార్చి 23న ‘ఆపరేషన్ టొమాహాక్’లో అమెరికా సైన్యపు 187వ వైమానిక దళంతోపాటు 12 మంది భారతీయులు మున్సాన్ వద్ద పారాచూట్లతో దిగారు. రంగరాజ్‌కు మహావీర చక్ర పురస్కారం లభించింది.

ముగింపు:

ఈ చరిత్రలో మున్సాన్ ఘట్టానికే ఎక్కువ ప్రసిద్ధి ఉంది. అయితే సామగ్రిని కాపాడుకున్న ఆ రైలు ప్రయాణం లేకుంటే తరువాతి సేవలు సాధ్యమయ్యేవి కావు. యుద్ధం చేయరాదన్నది దేశం తీసుకున్న నిర్ణయం. యుద్ధరంగపు ప్రమాదంలో పాలుపంచుకోవడం మాత్రం ఆ వైద్యులకు తప్పలేదు. దూరాన ఉండి క్షతగాత్రుని ప్రాణం నిలపడం సాధ్యం కాదు గనుక.