మానేరు నదిలో చేపల వేట

మానేరు నది గోదావరికి ఉపనది. దీనిపై నర్మాల వద్ద ఎగువ మానేరు, మాన్వాడ వద్ద మధ్య మానేరు, కరీంనగర్ వద్ద దిగువ మానేరు జలాశయాలు కలవు. సిరిసిల్ల ప్రాంతపు గంగపుత్రులు, ముదిరాజులు మత్స్య సహకార సంఘాల ద్వారా వలలతో చేపలు పడతారు.

బొచ్చె, రోహు, మ్రిగాల చేపలు వర్షాకాలంలో వరదకు ఎదురీది, ప్రవహించే నీటిలో గుడ్లు పెడతాయి. ఆనకట్టలు ఆ దారిని మూసివేస్తాయి. నిలువనీటిలో ఇవి సాధారణంగా గుడ్లు పెట్టవు. అందువలన 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి విజయవంతం చేసిన హార్మోను సూదిమందు పద్ధతిని అనుసరించి, ఉత్పత్తి కేంద్రాలలో పుట్టించిన చేపపిల్లలను ఏటా జలాశయాలలో వదలవలసి ఉంటుంది. పిల్లలను వదలకపోయినా, ఆలస్యంగా వదలినా తరువాతి వేట తగ్గి, జాలరుల ఆదాయం పడిపోతుంది.

2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించబడిన కొరమీను మాత్రం నిలువనీటిలోనే గుడ్లు పెట్టి, పిల్లలను కాపాడుకుంటుంది.