నాగటి చాలు - నొసటి ముడత

నేను 1970లో రోడ్ల శాఖలో చేరాను. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చినా, పాత రోడ్ల పక్కన ఫర్లాంగు రాళ్లు అక్కడక్కడా మిగిలే ఉండేవి. మైలుకు ఎనిమిది ఫర్లాంగులని చిన్నప్పుడు బడిలో వల్లె వేసినవాళ్లమే మనమంతా. అసలు ఆ మాటకు అర్థమేమిటని సర్వీసు మొత్తంలో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఈమధ్య మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుతూ, "తాతయ్యా, ఫరో అంటే ఏమిటి?" అని అడిగింది. "నుదుటి మీద ముడత" అన్నాను. నిఘంటువు తీసి చూస్తే మొదటి అర్థం నాగటి చాలు! ముడత ఆ తరువాతది.

ఆ ఫరోకే పొడుగు అని అర్థమిచ్చే 'లాంగ్' చేరి ఫర్లాంగు అయిందట. అంటే చాలు పొడుగు. మధ్యయుగాల ఇంగ్లండులో పొలాలు పొడవాటి పట్టీలుగా ఉండేవి. బరువైన నాగలిని, ఎద్దుల జతలను మాటిమాటికీ మళ్లించడం కష్టం గనుక చాలు పొడుగ్గా సాగదీసేవారు. ఆ పొడుగే చివరకు 220 గజాలుగా స్థిరపడింది. దాన్ని సర్వే గొలుసు పొడవైన 22 గజాలతో గుణించండి: 4840 చదరపు గజాలు. మన ఎకరమే! ఒక జత ఎద్దులు ఒక రోజులో దున్నే నేల ఎకరమని అక్కడి పాత లెక్క.

రోమనుల మైలు వారి కొలతలో 5000 అడుగులు. 1593లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం మైలును 8 ఫర్లాంగులు చేయడంతో ఇంగ్లీషు మైలు 5280 అడుగులుగా ఖాయమైంది. రైతు చాలు మారలేదు, మైలే దానికి తగ్గట్టు సర్దుకుంది.

పొలంలోని మాట మనిషి ముఖం మీదికి ఎక్కడం కూడా పాత సంగతే. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో 22వ దానిలో వయసు గీసిన ముడతలను చాళ్లతోనే పోల్చాడు. సన్నిపాతానికి డాక్టర్లు వాడే 'డెలీరియం' కూడా లాటిన్‌లో చాలు తప్పడమే. మనకూ ఇది కొత్త కాదు. జనకుడికి నాగటి చాలులో దొరికింది గనుకనే ఆ తల్లి సీత అయింది. సంస్కృతంలో సీత అంటే నాగటి చాలు.

ఇదంతా తెలిశాక మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయన సేద్యగాడు. "నాగలి నాతోనే పోవాలిరా, నువ్వు చదువుకో" అనేవారు. ఉద్యోగం వచ్చిన రోజున నాగలికి దూరమయ్యాననే అనుకున్నాను. తీరా చూస్తే నేను లెక్కపెట్టిన రాళ్లన్నీ చాళ్ల లెక్కలే. ఆయన నుదుటి మీద మూడు గీతలు లోతుగా ఉండేవి. అవి ముసలితనమని అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నా నుదుటి మీదా అవే మూడు. మనవరాలు వేలితో తడిమి లెక్కపెట్టి, "తాతయ్యా, ఇవి కూడా చాళ్లేనా?" అంది. అవునన్నాను. ఈ మాట ఆయనకు చెప్పగలిగి ఉంటే బాగుండేది.