మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ: పురపాలక హద్దులకు అతీతమైన పాలనా పరిధి

హైదరాబాద్: ఒక నది పేరిట ఏర్పడి, పలు స్థానిక సంస్థల భూభాగాలలో విస్తరించిన పాలనా పరిధికి ముఖ్య ఉదాహరణ మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ. రాష్ట్ర ప్రభుత్వం దీనిని 2017లో నెలకొల్పింది. ఔటర్ రింగ్ రోడ్డు వద్ద పడమట నార్సింగి నుండి తూర్పున గౌరెల్లి వరకు గల సుమారు 55 కిలోమీటర్ల నదీభాగం దీని కార్యక్షేత్రం.

పూర్వరంగం: అనంతగిరి కొండలలో పుట్టి కృష్ణానదిలో కలిసే మూసీ, పాతబస్తీకి ఉత్తరపు హద్దు. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో సుమారు 15 వేల మంది మరణించినట్లు అంచనా. అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి.

ఆవశ్యకత: జలాశయాలు, మురుగునీటి శుద్ధి జలమండలి బాధ్యత కాగా, నది సరిహద్దు నిర్ధారణ నీటిపారుదల, రెవెన్యూ శాఖలది, భవన అనుమతులు స్థానిక సంస్థలవి. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి నది సరిహద్దు నుండి పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు ఖాళీగా ఉంచాలని నిర్దేశించింది. అంటే, ఒక గ్రామం పురపాలక పరిధిలో చేరినపుడు రక్షిత తీరం సగానికి తగ్గగలదు. తీరస్థ పురపాలక సంస్థలైన నార్సింగి, బండ్లగూడ జాగీర్, పీర్జాదిగూడ 2025లో మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి. స్థానిక హద్దులు మారినా ప్రవాహం ఒక్కటే కనుక ఉమ్మడి ప్రణాళిక అవసరమైంది.

నివాసితుల సమస్య: 2020 అక్టోబర్‌లోను, 2025 సెప్టెంబర్‌లోను వచ్చిన వరదలకు చాదర్‌ఘాట్, మూసానగర్ పరిసరాలు ముంపునకు గురయ్యాయి. 2024లో జరిపిన సర్వేల అనంతరం నదీగర్భంలోని కుటుంబాలకు రెండు పడక గదుల ఇళ్లు కేటాయించగా, పలువురు నివాసితులు జీవనోపాధికి, పిల్లల చదువుకు దూరమవుతామని అభ్యంతరం తెలిపారు.

నదీగర్భం, దాని వెలుపలి రక్షిత తీరం వేర్వేరు. పునరావాసం, పరిహారాలకు ఈ భేదమే ఆధారం. కావున అధికారులు ధ్రువీకరించిన సరిహద్దు పటాన్ని నివాసితులకు అందుబాటులో ఉంచుట, వార్తలలో ఈ రెండు పదాలను వేరుగా వాడుట ఆవశ్యకం.