వంశధార మొగ

శ్రీకాకుళ పట్టణమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కడలికి చేరువగా, శ్రీకూర్మక్షేత్రము కలదు. దానికి ఈశాన్యమున కళింగపట్నముకడ వంశధారయు, నైరుతిదిశను కళ్లేపల్లికడ నాగావళియు బంగాళాఖాతమును చేరుచున్నవి. బలరాముడు నాగేటిమొనతో నేలను చీల్చి నాగావళిని తెచ్చెనని స్థలపురాణము చెప్పును. వంశధారకు అంతటి ప్రసిద్ధమైన కథ లేదు. కాని ఆ నదీముఖము చూచినన్ని రాజ్యములను, మతములను, వర్తకములను ఈ ఉత్తరాంధ్ర తీరమున మరియొక చోటు చూచియుండదని నా విశ్వాసము.

ఒడిషాలోని కలహండి, రాయగడ జిల్లాల కొండసీమలలో పుట్టి, మహేంద్రతనయను తనలో కలుపుకొని, సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన ఈ నది సముద్రమును తిన్నగా చేరుటకు వీలు లేదు. నైరుతిగాలులు వీచు మాసములలో అలలు తీరమును ఏటవాలుగా తాకుచు ఇసుకను ఉత్తరముగా నడపుటచేత, నదీముఖమునకు అడ్డముగా ఒక ఇసుకమేట నాలుకవలె సాగును. నీటికి బలము చాలనప్పుడు ఏరు ఆ మేట వెంబడినే మళ్లి, దాని కొస దాటినపిదపగాని కడలిని కలియజాలదు. వర్షాకాలమున కొండలలో వాన కురిసి వరద దిగినంతనే అదే ఏరు ఆ మేటకు గండికొట్టి, సూటియైన దారిని తానే చేసికొనును. కావున పటములో ఒక చుక్కగా కనబడు సంగమస్థానము నిజమునకు ఏటేట అటునిటు జరుగుచు, ఒకనాడు వెడల్పై, ఒకనాడు ఇరుకై యుండును.

మొగలోని నీటిని నిలిచి చూచినవారికి మరియొక విశేషము తెలియును. పోటువేళ ఉప్పునీరు బరువైనదగుటచే అడుగున ప్రాకుచు నదిలోనికి వచ్చును. మంచినీరు తేలికయగుటచే పైపొరగా వెలుపలికి జారును. ఎర్రని ఏటినీరును నీలపు కడలినీరును ఒరసికొనుచోట నురుగు ఒక గీతగా సాగి, ఆకులును పుల్లలును ఆ గీతవెంట తేలుచుండును. ఈ కలగలుపు నీటిలోనే రొయ్యపిల్లలు పెరుగును, పండుగప్ప తిరుగాడును. పోటుపాటుల వేళలను గడియారముతో పనిలేక ఎరిగిన జాలరులు వలలు దింపుటయు ఇచ్చటనే.

మొగకు కొంచెము ఎగువను, దక్షిణపుటొడ్డున, శాలిహుండము కొండ యున్నది. క్రీస్తుపూర్వపు శతాబ్దులనుండియు బౌద్ధులు దానిపై స్తూపములను, చైత్యములను, విహారములను నిర్మించిరి. తారా, మారీచీ ప్రతిమలు అచ్చట దొరకినవి. నదియు కడలియు ఒక్కచూపున గోచరించు ఆ శిఖరమును వారు ఎన్నుకొనుట కేవలము ఏకాంతముకొరకే యని నేను తలపను. ఓడలెక్కి పోవు వర్తకులకును, వచ్చు భిక్షువులకును అంతకన్న తగిన గురుతు ఈ చదునుతీరమున లేదు. ఈ శిథిలములను 1919లో లోకమునకు ఎరిగించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార తీరమునందలి గ్రామమే. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆంధ్రులెల్లరును ఆయనను ఎరుగుదురుగాని, ఎగువనున్న ముఖలింగము శాసనములను చదివి, తూర్పుగాంగుల రాజధానియైన కళింగనగరము అదియేయని నిరూపింప పూనిన చరిత్రకారులుగా తలచుకొనువారు కొద్దిమందియే. ఇది నాకు కష్టముగా నున్నది.

గాంగులు 12వ శతాబ్దిలో రాజధానిని కటకమునకు తరలించినను ఈ సీమను విడువలేదనుటకు శ్రీకూర్మాలయ స్తంభములే సాక్ష్యము. నల్లరాతిపై తెలుగులిపిలో వరుసలు వరుసలుగా చెక్కిన ఆ శాసనములలో పెక్కింటి సారము ఒక్కటే: స్వామి సన్నిధిని అఖండదీపము వెలుగుటకై ఒకరు చేసిన దానము. మధ్వాచార్యుల శిష్యులును, కళింగమున అధికారము నెరపినవారును అగు నరహరితీర్థులవారి 1281నాటి శాసనము కూడ అందు కలదు. పశ్చిమాభిముఖుడైన కూర్మనాథుడును, రెండు ధ్వజస్తంభములును గల ఈ ఆలయము కడలికి దగ్గరగా నున్నను నదీముఖములు రెండింటికిని దూరముగా నుండుట గమనింపదగినది. ఇసుకయు ఏరును ఎంత కదలినను అది కదలనక్కరలేకపోయినది.

ఆంగ్లేయుల కాలమున కళింగపట్నము రేవు పేరు గడించెను. ఓడలు దూరముగా లోతునీటిలో లంగరు వేయగా, పలకలను త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలను దాటుచు సరకును మోసెడివి. 1876లో దీపస్తంభమును నిలిపిరి. అయితే 1890 ప్రాంతములలో వేసిన రైలుమార్గము తీరమును విడిచి ఆమదాలవలస మీదుగా పోయినది. సరకు రైలుదారి పట్టుటయు, మొగలో మేటలు వేయుటయు కలిసి రేవును క్రమముగా నిర్జీవము చేసినవి. కొందరు తుపానులపై నెపము వేయుదురు. నా మట్టుకు రైలే ప్రధానకారణమని తోచును, ఏలయన తుపానులును మేటలును అంతకు పూర్వమును ఉన్నవే గదా!

నేడు వంశధారనుగూర్చిన మాటలన్నియు నీటివాటాలనుగూర్చియే. హిరమండలముకడ గొట్టా బ్యారేజి కాలువలకు నీరిచ్చి మెట్టపొలములను మాగాణులుగా మార్చినది. అది చిన్న మేలు కాదు. ఒడిషాతోడి వివాదమున ట్రిబ్యునలు 2017లో తీర్పు వెలువరించి, 115 టి.ఎం.సి.ల దిగుబడిని రెండు రాష్ట్రములకును సగము సగముగా పంచినది. సముద్రము పాలైన నీరు వృథా యని పలుకువారు, మేటను కోసి దారి తెరచునది ఆ నీరే యని ఎరుగవలెను. వరద రాని ఏట మొగ పూడును. మొగ పూడినచో పడవ కడలిలోనికి పోవు త్రోవ మూయబడును, ఉప్పునీటినుండి రొయ్యపిల్ల ఏటిలోనికి ఎక్కుటయు ఆగిపోవును. ఇకమీద ఏ రాష్ట్రము ఏ ఆనకట్ట తలపెట్టినను, ఆ లెక్కలో కళింగపట్నపు మొగకును ఒక పాలు వ్రాయవలెను.