పెన్నా పరీవాహకంలో భూగర్భ జలాల పెంపుదల - సాగునీటి వినియోగం

కర్ణాటకలోని నంది కొండలలో జన్మించి 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలిసే పెన్నా నది, ఎగువ ప్రాంతాలలో సంవత్సరంలో అధిక భాగం ఇసుక మేటగానే కనిపిస్తుంది. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందువల్ల ఇక్కడి రైతాంగానికి నదీ ప్రవాహం కంటే భూగర్భ జలమే ప్రధాన ఆధారం.

శిలా స్వరూపం

ఈ ప్రాంతంలో అధిక భాగం గ్రానైటు, నైస్ శిలలతో కూడినది. నీరు ప్రధానంగా పైనున్న శిథిల పొరలోను, దాని దిగువనున్న పగుళ్లలోను నిల్వ ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి కనుక బోరును మరింత లోతుకు తవ్వినంత మాత్రాన నీరు లభిస్తుందన్న హామీ లేదు. ఒకప్పుడు నదీగర్భంలోని ఊటను పొలాలకు మళ్లించిన ఊట కాలువలు, తరతరాలుగా ఆదుకున్న దిగుడు బావులు జలమట్టం పడిపోవడంతో అనేక గ్రామాలలో ఎండిపోయాయి.

ఇంకే నీరు - వాడే నీరు

ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వర్షం కురిస్తే 10 ఘనపు మీటర్ల నీరు లభిస్తుంది. 550 మిల్లీమీటర్ల వర్షానికి ఇది 5,500 ఘనపు మీటర్లు. ఇటువంటి శిలా ప్రాంతాలలో ఇందులో సుమారు పదో వంతు, అనగా 550 ఘనపు మీటర్లు మాత్రమే భూమిలోకి ఇంకుతుంది. వరి పైరుకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అనగా హెక్టారుకు 12,000 ఘనపు మీటర్లు అవసరం. బోరు నీటితోనే ఒక హెక్టారు వరి పండించాలంటే ఇరవై హెక్టార్లకు పైగా భూమిలో ఇంకిన నీరు కావలసి ఉంటుంది. వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు ఇందులో సగం కూడా అవసరం లేదు.

చేపట్టిన చర్యలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ప్రారంభమైన నీరు-మీరు కార్యక్రమం కింద చెక్‌డ్యాములు, ఊటకుంటలు, ఇంకుడు గుంతల నిర్మాణం, చెరువుల పూడికతీత చేపట్టారు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బావుల నమోదును, బావుల మధ్య దూరాన్ని, ఇసుక తవ్వకాల నియంత్రణను నిర్దేశించింది. 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలై బిందు, తుంపర సేద్యం విస్తరించింది. అనంతపురం సహా ఏడు కరవు జిల్లాలలో 2009 వరకు అమలైన రైతుల ఆధ్వర్యంలోని భూగర్భ జల నిర్వహణ పథకంలో రైతులే వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు గ్రామ నీటి లెక్క కట్టి, పంటల ఎంపికను చర్చించుకున్నారు. శ్రీశైలం జలాశయం నుంచి 40 టి.ఎం.సి.ల నీటిని ఎత్తిపోసేందుకు రూపొందిన హంద్రీ-నీవా పథకం ద్వారా 2012లో కృష్ణా జలాలు జీడిపల్లి జలాశయానికి చేరాయి.

గమనించవలసిన అంశాలు

వాగు ఎగువన వరుసగా చెక్‌డ్యాములు నిర్మిస్తే దిగువ చెరువుకు చేరే నీరు తగ్గుతుంది. పూడిక తీయని చెక్‌డ్యాములో నీరు ఇంకదు. ఇంకిన నీటిని కొత్త బోర్లు తోడివేస్తే జలమట్టం పెరగదు. కనుక కట్టడాల సంఖ్యను కాక, వర్షాకాలానికి ముందు, తరువాత బావులలోని నీటిమట్టాన్ని ప్రగతికి కొలమానంగా స్వీకరించడం సముచితం. నీటిని ఇంకించడంతో పాటు పొదుపుగా వాడినప్పుడే మెట్ట రైతు బావిలో వేసవి వరకు నీరు నిలుస్తుంది.