దీపం మిగిలింది, పట్టిక మరుగైంది
ప్రసిద్ధ స్త్రీల స్మృతిలో పనిముట్టు స్థానం

నర్సింగ్ కళాశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థినులకు ఒక వేడుక జరుపుతారు. తెల్ల యూనిఫాంలో వరసగా నిలబడి, చేతిలో వెలుగుతున్న దీపంతో, నైటింగేల్ పేరున్న ప్రతిజ్ఞ చేస్తారు. మన జిల్లాల్లో దీన్ని అందరూ 'ల్యాంప్ లైటింగ్' అనే అంటారు. ఆ ప్రతిజ్ఞ ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో తయారైంది. నర్సుల బ్యాడ్జీల మీద కనిపించే ముక్కుతో ఉన్న నూనె దీపం కూడా ఆమెది కాదు. టర్కీలోని స్కుటారి ఆసుపత్రి వార్డుల్లో రాత్రిపూట ఆమె పట్టుకు తిరిగింది మడత పెట్టడానికి వీలైన టర్కీ లాంతరు. లండన్ పత్రికలూ, ఆపైన ఒక అమెరికన్ కవీ కలిసి ఆ లాంతరును దీపం చేశారు. దీపం పట్టిన ఆ మహిళ అక్కణ్ణుంచి ప్రపంచమంతా తిరిగింది.

అదే మహిళ చేతిలో గంటల తరబడి ఉండిన మరో వస్తువును ఏ వేడుకలోనూ పట్టుకోరు. అది మరణాల పట్టిక.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఈ ఒక్క విషయమే. పేరు పొందిన స్త్రీని లోకం దేనితో గుర్తుపెట్టుకుంటుంది? నర్సింగ్, సంగీతం, సినిమా, శాస్త్రం అనే నాలుగు రంగాల నుంచి కొందరిని తీసుకుని చూస్తే నాకు కనిపించింది ఇది: ఆమె గుణం నిలుస్తుంది, పనిముట్టు జారిపోతుంది. కరుణ, భక్తి, గొంతు, గురువు పేరు మిగులుతాయి. లెక్కా, పాఠపరిష్కరణా, కెమెరా, కొలమానమూ మరుగున పడతాయి.

నైటింగేల్ (1820–1910) 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో స్కుటారికి చేరింది. క్రిమియా యుద్ధంలో గాయపడ్డ, జబ్బుపడ్డ బ్రిటిష్ సైనికుల్ని ఓడల మీద అక్కడికి తెచ్చేవారు. ఆమె వచ్చాక మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో లండన్ నుంచి వచ్చిన పారిశుధ్య సంఘం మురుగు కాలవలు కడిగించింది, కుళ్లిన జంతు కళేబరాల్ని తీయించింది, వార్డుల్లోకి గాలి వచ్చేట్టు చేసింది. ఆ తర్వాతే మరణాలు పడిపోయాయి. జూన్ నాటికి నూటికి 2 దగ్గరికి వచ్చాయి. ఈ మార్పుకు అసలు కారణం ఆమెకు అక్కడున్నప్పుడే తెలుసా, ఇంటికొచ్చి లెక్కలు వేశాక తెలిసిందా అన్నదాని మీద పరిశోధకుల్లో భేదాభిప్రాయం ఉంది. లెక్కలే ఆమె కళ్లు తెరిపించాయన్న వాదన వైపే నేను మొగ్గుతాను.

లండన్‌లో విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి ఆమె నెలవారీ అంకెలు పేర్చింది. 1855 జనవరి వరస ఒక్కటి చూద్దాం. తూర్పున ఉన్న సైన్యం సగటు బలం 32,393. ఆ ఒక్క నెలలో గాయాలతో చనిపోయినవారు 83 మంది, ఇతర కారణాలతో 324 మంది. నివారించదగిన అంటు జబ్బులతో చనిపోయినవారు 2,761. దీన్ని ఏడాది రేటుగా మారిస్తే వెయ్యికి 1,022 దాటుతుంది. అంటే జనవరి అదే తీరులో పన్నెండు నెలలు సాగితే శత్రువు ఒక్క తూటా పేల్చకపోయినా సైన్యంలో ఒక్కడూ మిగలడు.

ఈ వరసను మంత్రుల ముందు పెడితే వాళ్లు చదవరని ఆమెకు తెలుసు. అందుకే 1858లో రంగు చిత్రం గీయించింది. ఒక కేంద్రం చుట్టూ పన్నెండు నెలలకు పన్నెండు ముక్కలు. అన్ని ముక్కల కోణమూ ఒకటే, మరణాలను బట్టి వైశాల్యం మారుతుంది. నీలం అంటు జబ్బులకు, ఎరుపు గాయాలకు, నలుపు మిగతావాటికి. మొత్తం చూస్తే విచ్చుకున్న పువ్వులా ఉంటుంది. జనవరి దగ్గర నీలం రేక కాగితం అంచుదాకా సాగి, ఎరుపు కేంద్రం దగ్గర గోరంత కనిపిస్తుంది. చదవనక్కర లేదు, చూస్తే చాలు. ఆ ఏడాదే లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ సంస్థలో ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె.

ఇక్కడ తెలుగు పాఠకుడికి దగ్గరైన ముడి ఒకటి ఉంది. 1859లో భారతదేశంలోని సైన్యం ఆరోగ్యంపై రాయల్ కమిషన్ ఏర్పడింది. నైటింగేల్ ఇక్కడి కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నావళులు పంపి, వచ్చిన గుట్టల కొద్దీ జవాబుల్ని లండన్‌లో మంచం మీదే ఉండి విశ్లేషించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక చెప్పింది. సైనికుడి ఆరోగ్యం నుంచి ఊరి ఆరోగ్యానికి, అక్కడి నుంచి కరువుకు, కరువు నుంచి సాగునీటికి ఆమె ఆలోచన నడిచింది. సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపింది, 1876–78 నాటి మద్రాసు కరువు వేళ కాలవల పక్షాన వాదించింది. భారతదేశంలో ఆమె అడుగు పెట్టనే లేదు.

గోదావరి జిల్లాల్లో కాటన్ దొరను ఎలా గుర్తుపెట్టుకున్నారో చూడండి. 1847 నుంచి 1852 దాకా కట్టిన ధవళేశ్వరం ఆనకట్టతో. ఊరూరా విగ్రహం ఉంది, అడిగితే రైతు ఆనకట్ట గురించే చెబుతాడు. ఆయన దయగల మనిషా కాదా అని ఎవరూ ముందు అడగరు. అదే కాలవల కోసం అంకెలతో పోరాడిన ఆమెకు మాత్రం చేతిలో దీపం పెట్టి పంపేశాం. ఈ తేడాను యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. దీపం వల్ల మేలు జరగలేదని కాదు. ఆ కీర్తి తెచ్చిన చందాలతోనే 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం తెరిచారు. దీపం డబ్బు తెచ్చింది, పట్టికను కప్పేసింది.

సంగీతం సంగతికొస్తే గాయని బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ఉదాహరణ ఇంకా చిక్కనైనది. ఆమె పేరు చెప్పగానే తిరువయ్యారు గుర్తొస్తుంది. శిథిలమైపోయిన త్యాగరాజస్వామి సమాధి స్థలంలో సొంత సొమ్ముతో గుడి కట్టించింది. 1920ల మధ్యలో కుంభాభిషేకం జరిగింది. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్న రోజుల్లో స్త్రీల బృందంతో వేరుగా ఆరాధన నడిపింది. 1940 ప్రాంతానికి ఆరాధన నడిపే చీలిన వర్గాలు కలిశాయి, స్త్రీలకు వేదిక దొరికింది. ఇప్పుడు ఆమె విగ్రహం స్వామి సమాధికి ఎదురుగానే ఉంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు వందలాది కంఠాలు పంచరత్న కీర్తనలు అందుకున్నప్పుడు వాటిలో ఆడగొంతుకలూ ఉన్నాయంటే దాని వెనక ఆమె పట్టుదల ఉంది.

ఇది భక్తి కథ. దీనికి సుమారు పదిహేనేళ్ల ముందు ఆమె చేసిన పని భక్తి కాదు, పాఠపరిష్కరణ.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన శృంగార ప్రబంధం 'రాధికా సాంత్వనము'. కృష్ణుడు ఇళను పెళ్లాడితే రాధ పడే ఈర్ష్యా, వేదనా, ఆమెను కృష్ణుడు ఓదార్చడమూ కథ. సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో దీన్ని అచ్చు వేయించాడు. నాగరత్నమ్మ ఆ ప్రతిని సంపాదించి చదివింది. తృప్తి కలగలేదు. రాతప్రతి సంపాదించి రెంటినీ పక్కపక్కన పెట్టుకుని పోల్చింది. అచ్చుప్రతిలో పీఠికా భాగం లేదు. కవయిత్రి తన వంశాన్ని, తన నాయనమ్మ తంజనాయకిని చెప్పుకున్న చోటు లేదు. కొన్ని పద్యాలూ లేవు.

దీన్ని నిదానంగా ఆలోచించాలి. శృంగార పద్యాలు తీసేశారంటే నీతి భయం అనుకుందాం. వంశవర్ణన ఎందుకు తీశారు? అందులో అశ్లీలం లేదు. తండ్రి తాతల కీర్తి చెప్పుకోవడం ప్రబంధ కవికి మామూలే. ఒక భోగస్త్రీ తన ఇంటి ఆడవాళ్ల పేర్లతో వంశం చెప్పుకోవడం ఆ సంపాదకుడికి అనవసరం అనిపించి ఉండాలి. ఇది నా ఊహే గాని, తీసేసిన భాగాల స్వభావం చూస్తే మరో కారణం నాకు తోచదు. నాగరత్నమ్మకు మాత్రం ఆ లోపం వెంటనే కనిపించింది. తానూ దేవదాసీ కులంలో పుట్టినదే కనుక కనిపించింది.

ఆమె పరిష్కరించిన ప్రతిని 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ప్రచురించింది. పీఠికలో ఆమె కందుకూరి వీరేశలింగాన్ని నిలదీసింది. ముద్దుపళనిని ఆయన తన కవుల చరిత్రలో దుయ్యబట్టాడు, స్త్రీ నోట రాకూడని మాటలన్నాడు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అన్నది నాగరత్నమ్మ వాదం. పంతులుగారు స్వయంగా చూసి ఆమోదించిన 'వైజయంతీ విలాసము'లో ఇంతకన్నా ముదురు శృంగారం లేదా అని అడిగింది. పాఠాన్ని పాఠంతో పోల్చి చూపే ఈ పద్ధతికి మన పండితులు వేరే సందర్భాల్లో పెద్ద పేర్లే పెట్టారు. ఒక గాయని చేసేసరికి దాన్ని దుడుకుతనం అన్నారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని తేల్చింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకుడిగా ఉన్న కాలంలో గాని నిషేధం సడలలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. ఆమె కన్నుమూసింది ఆ ఏడాది మే 19న.

నాగరత్నమ్మను సంస్కర్తల గూట్లో పెట్టడమూ సాధ్యం కాదు. దేవదాసీ వ్యవస్థ రద్దుకు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తెచ్చిన ప్రతిపాదనను వ్యతిరేకించిన వారిలో ఆమె ఉంది. తన వాళ్ల విద్య, ఆస్తి, గౌరవం పోతాయన్నది ఆమె భయం. ఈ వైరుధ్యం ఇబ్బంది పెడుతుంది కాబట్టే కాబోలు, ఆమెను భక్తురాలిగా చెప్పుకోవడం అందరికీ సులువైంది.

సినిమాలో భానుమతీ రామకృష్ణను (1925–2005) మరుగుపరచడం ఎవరి తరమూ కాలేదు. ఆ నోటి ముందు ఎవరూ నిలవలేదు మరి. 1939లో 'వరవిక్రయం'తో మొదలై, నటి, గాయని, 'అత్తగారి కథలు' రచయిత్రి, భరణి స్టూడియో యజమానురాలు. అయినా ఒకటి జారింది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో ఆమె డైరెక్ట్ చేసింది, అందులో తానే ద్విపాత్రాభినయం చేసింది. మూడు భాషలంటే మాటలున్న ప్రతి సన్నివేశాన్నీ మూడు భాషల నటనతో నడిపించాలి. రెండు పాత్రలంటే ఒకే ఫ్రేములోకి తనను తాను తెచ్చుకునే ట్రిక్ షాట్ల లెక్క తప్పకూడదు. ఇదంతా కెమెరా ముందు నిలబడుతూ చేసింది. టీవీలో ఆమె జయంతి కార్యక్రమాల్లో 'మల్లీశ్వరి' పాటలు వస్తాయి, వాటి తర్వాత ఆమె పొగరు గురించి పిట్టకథలు వస్తాయి. అదే స్వభావం మగ దర్శకుడికుంటే దాన్ని మనం క్రమశిక్షణ అంటాం.

శాస్త్ర రంగంలో జారిపోవడం కాగితం మీదే కనిపిస్తుంది. అయ్యలసోమయాజుల లలిత మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, చేతిలో నెలల పసిపాప. తండ్రి ఆచార్యుడిగా ఉన్న గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ముగించింది. ఆ శాఖలో మన దేశపు తొలి మహిళగా ఆమెనే చెప్పుకుంటారు. అప్పటిదాకా పట్టాలన్నీ మగవాళ్ల కోసమే అచ్చయి ఉండేవి. ఆమె, ఆమెతోపాటు చదివిన మరో ఇద్దరమ్మాయిలు పట్టాలు అందుకునే సరికి, వాటిలోని 'అతడు' అనే ఆంగ్ల సర్వనామాన్ని చేత్తో కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది. సిరా గీత ఒక్కటి, దాని పైన కొత్త మాట. తర్వాత కలకత్తాలో ఓ విద్యుత్ కంపెనీలో భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్లకు ఆమె పనిచేసింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లింది.

అన్నా మణికి (1918–2001) ఆ దిద్దుబాటు భాగ్యం కూడా దక్కలేదు. తిరువాన్కూరులోని పీరుమేడులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, బెంగుళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాలు, కెంపుల వర్ణపటాల మీద పనిచేసింది. వజ్రాన్ని ద్రవరూపంలోని గాలి చల్లదనంలో ఉంచి, ఒక్కో వర్ణపటం ఫొటో ప్లేటు మీద పడడానికి పదిహేను, ఇరవై గంటలు కాపలా కాసేది. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే గడిచేవి. 1942–45 మధ్య ఒంటరిగా అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించింది. 1945లో డాక్టరేటు కోసం సిద్ధాంతగ్రంథాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో పట్టా ఇవ్వలేదు.

ఆమె దాన్ని పట్టించుకోకుండా లండన్ వెళ్లి వాతావరణ పరికరాల శాస్త్రం నేర్చుకుంది. 1948లో తిరిగొచ్చి పుణెలోని వాతావరణ శాఖలో చేరింది. అప్పటికి మన దేశం మామూలు పరికరాలు కూడా బయటి నుంచి తెప్పించుకునేది. సుమారు నూరు పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు గీయించి, ఇక్కడే తయారయ్యేలా చేసింది ఆమె బృందం. తప్పు కొలత కన్నా కొలత లేకపోవడమే మేలన్నది ఆమె నియమం. సౌర వికిరణం కొలిచే కేంద్రాలు, ఓజోన్ కొలిచే బెలూన్ పరికరం, 1980లలో వెలువడిన సౌరశక్తి గణాంక గ్రంథాలు ఆ నియమం మీదే నిలిచాయి. ఈనాడు రాయలసీమలో సోలార్ పార్కు పెట్టేవాడు ముందుగా అడిగే ప్రశ్న, ఇక్కడ చదరపు మీటరుకు ఎంత ఎండ పడుతుంది అని. ఆ ప్రశ్నకు దేశమంతటికీ క్రమపద్ధతిలో మొదట జవాబు పేర్చిన వారిలో ఆమె ముఖ్యురాలు. ఆమె గురించి వచ్చే వ్యాసాల్లో మొదటి వాక్యం మాత్రం చాలాసార్లు రామన్ శిష్యురాలు అనే మొదలవుతుంది.

పట్టా రాని ఆ సిద్ధాంతగ్రంథం బైండు చేసి బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉంది. డాక్టరేటు పొందిన తోటి విద్యార్థుల గ్రంథాలూ అక్కడే ఉన్నాయి.