ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మరణశిక్ష పడినవారికి ఉచితంగా న్యాయ సహాయం అందించే లాభాపేక్ష లేని సంస్థ. న్యాయవాది బ్రయాన్ స్టీవెన్‌సన్ 1989లో మాంట్‌గమరీలో స్థాపించారు. పేద ఖైదీలు, నల్లజాతివారు, విచారణలో అన్యాయం జరిగినవారి కేసులు ప్రధానంగా చేపడుతుంది.

సంస్థ పని ఎంత ఓపికతో కూడినదో ఆంథనీ రే హింటన్ కేసు చెబుతుంది. 1985లో రెండు హత్యల నేరం మోపి ఆయన్ను అరెస్టు చేశారు. తూటాలు ఆయన తల్లి ఇంట్లో దొరికిన రివాల్వర్‌వేనన్నదే అసలు సాక్ష్యం. దాన్ని ఖండించగల నిపుణుణ్ణి పెట్టుకోవడానికి చాలినంత డబ్బు కోర్టు నుంచి రాదని ప్రభుత్వం నియమించిన వకీలు పొరబడ్డాడు. చట్టాన్ని ఒకసారి సరిగా చూసి ఉంటే తెలిసేదే! తూటాలు ఆ తుపాకీవని చెప్పలేమని తర్వాత సంస్థ తరఫున నిపుణులు తేల్చినా విడుదలకు ఏళ్లు పట్టింది. 2014లో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చింది. 2015లో, దాదాపు 30 ఏళ్ల తర్వాత, ఆయన బయటికొచ్చారు. పోయిన యవ్వనానికి ఏ పరిహారమూ సరిపోదు.

హత్య కేసుల్లో 18 ఏళ్లలోపువారికి పెరోల్ లేని యావజ్జీవాన్ని తప్పనిసరి చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2012లో సుప్రీంకోర్టు చెప్పిన మిల్లర్ కేసును వాదించింది స్టీవెన్‌సనే.

మూకహత్యలకు బలైన నల్లజాతివారి పేర్లు చెక్కిన ఉక్కు ఫలకాలతో సంస్థ 2018లో మాంట్‌గమరీలో స్మారకాన్ని ప్రారంభించింది. అందులో ఆ హత్యలు జరిగిన ఒక్కో కౌంటీకి ఒక్కో ఫలకం ఉంది.